ఏడో నంబరు బూట్లు

అలాగంటే ఎలాగండి మాస్టారూ? మా ఏంజెల్ చీలమండ విషయంలో మీరు చెప్పింది ఒక్కటంటే ఒక్కటి తప్పేమా? రేపు అమలాపురంలో జిల్లా టీము సెలక్షను. పిల్ల చూస్తే కాలు వాచి మంచం మీదుంది. తప్పు మీ బాస్కెట్‌బాల్ కోర్టుదండి, మా అమ్మాయిది కాదు.

మీరేం చెప్పేరు? రోజూ ఒంటికాలి మీద నిలబడితే చీలమండ గట్టిపడుద్దన్నారు. నిలబడిందండి. పళ్ళు తోముకున్నంతసేపూ ఒంటికాలే. పక్కింటి కాంతం గారైతే, "ఏం మొక్కుకున్నారు దానం గారూ?" అనడిగేరు. బాస్కెట్‌బాల్ అని చెప్పేను. ఆవిడ నమ్మలేదు.

గెంతితే రెండు కాళ్ళ మీదా దిగమన్నారు. దిగింది. మోకాళ్ళు వంచమన్నారు. వంచింది. చీలమండకి పట్టీ వెయ్యమన్నారు, లేసులు బిగించమన్నారు. నిన్న నా చేతుల్తో నేనే బిగించేను కదండీ! అయినా బెణికింది.

బెణికితే ఐసు పెట్టమన్నారు. మా వీధిలో ఐసు ఎవరి దగ్గరుంటదండి? చేపల పోలయ్య దగ్గర తెచ్చేను. ఇప్పుడు పిల్ల కాలు పండుగప్ప వాసనేస్తంది. పిల్లి మంచం దిగట్లేదు.

అదిగో, కోర్టులో ఆ మూల చూడండి. సిమెంటు పెచ్చులూడిపోయింది. దాని మీద ఎవరో కొబ్బరి పీచు డొక్కలు ఎండేసేరు. అక్కడ ఏ పిల్ల కాలైనా...

ఆఁ? పడింది ఆ మూల కాదా? మధ్యలోనా?

మధ్యలో బాగానే ఉందిలెండి.

బూట్లా? ఇవిగో, తెచ్చేను. కొత్తవేనండి! వాళ్ళమ్మ కృపావతి పంపింది. కువైట్‌లో ఓ ఇంట్లో వంట చేస్తంది కదా, నాలుగేళ్ళయింది వెళ్ళి. లోపల చెయ్యెందుకు పెడతన్నారు?

ఆయ్. కాగితాలేనండి. వేళ్ళ దగ్గర కుక్కుకుంది. నాకూ నిన్న పడ్డాకే తెలిసింది. "వదులైతే చెప్పొచ్చు కదే" అంటే, "అమ్మ ముచ్చటపడి పంపింది నాన్నా, బాధపడుద్ది" అంది.

నంబరా? ఏడు.

అదేనండి... ఆవిడ ఫోన్లో అడిగింది, పిల్ల కాలు సైజెంత అని. పిల్ల పక్కగదిలోనే ఉంది. లేచెళ్ళి చూడాలి. నేనేమో భోంచేసి నడుం వాల్చేను. గుమ్మం దగ్గర నా చెప్పులు కనపడతన్నాయి. ఏడు అని చెప్పేసేను.

"నా తల్లి అంతెదిగిపోయిందా!" అని ఆవిడ ఏడ్చిందండి. సంతోషంతోనే. ఆ తర్వాత మార్చి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఐదా అండి? మా ఏంజెల్‌ది ఐదేనా? మీకు తెలుసన్నమాట.

చాలా సిగ్గుగా ఉందండి మాస్టారూ.

ఇవాళ శుక్రవారం, ఆవిడకి సెలవు. సాయంత్రం ఫోన్ చేస్తది. ఆ బూట్లేసుకుని ఆడిన వీడియో చూపించమంది. వద్దండి, మీరు మాట్లాడొద్దు. నేనే చెప్తాను.

ముందు కోర్టు బాగోలేదని చెప్తాను. తర్వాత ఇది చెప్తాను.