బోర్డు మీద చీనీ

నా పేరు వరూధిని. వయసు నలభై ఆరు. భర్త పేరు అచ్యుత్. బెంగళూరు కాటన్‌పేటలో మా నాన్నగారు కట్టిన ఇంట్లోనే మొదటి అంతస్తులో ఉంటున్నాం. పందొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. ఈ నెల 26వ తేదీ మంగళవారం ఉదయం పదకొండున్నరకు స్టేషనుకు వచ్చి ఇన్‌స్పెక్టరు గారి ఎదుట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

ఇక్కడ వాంగ్మూలాలు కన్నడంలో రాస్తారు. కన్నడం చదవడం, రాయడం నాకు వచ్చు. కానీ ఈ కేసంతా ఒక తెలుగు మాట మీద నడుస్తోంది కాబట్టి తెలుగులో చెబుతానని అడిగాను. ఇన్‌స్పెక్టరు గారు ఒప్పుకున్నారు. చింతామణి వైపువారు, తెలుగు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ వెంకటరాయప్ప గారు రాసుకుంటున్నారు. కన్నడ ప్రతి తరువాత తయారవుతుందని చెప్పారు.

ఆ మాట చీనీ. అనంతపురం వైపు బత్తాయిని చీనీకాయ అంటారు. బెంగళూరులో దాన్నే మోసంబి అంటారు. తమ మలెనాడు వైపు చీనికాయి అంటే గుమ్మడికాయ అని ఇన్‌స్పెక్టరు గారు ఇప్పుడే అన్నారు. హిందీ వచ్చినవాళ్లకు అది పంచదార, లేదంటే చైనాకు సంబంధించినది. ఇవన్నీ నాకు ముందే తెలుసు, గుమ్మడికాయ తప్ప.

ఓబళప్ప వయసు యాభై ఎనిమిది. తాడిపత్రి దగ్గర పల్లె. ఆరేళ్లుగా మా వీధి చివర, మూతపడిన ఒక దుకాణం షట్టరు ముందు, తోపుడుబండి మీద చీనీ రసం పిండి అమ్ముతున్నాడు. కాయలు అతని తమ్ముడి తోటవి. హొసకోటె దాకా లారీలో వస్తాయి. మా అమ్మది తాడిపత్రి. అందుకని కాలేజీ నుంచి వస్తూ అక్కడ ఆగడం, అతనితో ఆ ఊరి మాటలు మాట్లాడటం నాకు అలవాటు.

ఏప్రిల్‌లో అతని పాత బోర్డు వానకు పాడైంది. కొత్తది రాసివ్వమని నన్ను అడిగాడు. రేకు, నీలం రంగు డబ్బా అతనే తెచ్చుకున్నాడు. "మోసంబి అనే రాయమ్మా. ఈ ఊర్లో అట్లంటేనే తెలుస్తాది" అన్నాడు. మన మాట మనం రాసుకుంటే తప్పేముంది అన్నాను. ఆ మాటకు ముచ్చటపడి తెలుగువాళ్లు వెతుక్కుంటూ వస్తారని కూడా చెప్పాను. అతను ఇంకోసారి మోసంబి అన్నాడు. నేను వినలేదు. తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు వరసలుగా చీనీ అని రాశాను. రాసి, కొంచెం దూరం జరిగి చూసుకున్నాను. బాగుందనుకున్నాను.

రెండు నెలలుగా మన దేశం, చైనా ఒకదాని సరుకు మీద మరొకటి సుంకాలు పెంచుకుంటున్నాయి. రేవుల్లో కంటెయినర్లు ఆగిపోయాయి. మా వీధి వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక జాబితా వచ్చేది, ఏ దుకాణంలో ఏది కొనకూడదో. పొద్దున జాబితా పంపినవారే సాయంత్రం అదే దుకాణంలో ఛార్జరు కొనుక్కుంటూ కనిపించేవారు. నేను ఆ గ్రూపులో ఏమీ రాయలేదు. రెండు మూడుసార్లు రాయబోయి చెరిపేశాను.

హేమంత్‌కుమార్ మా చిన్నాన్న కొడుకు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. చిక్కపేటలో బొమ్మలు, సీరియల్ లైట్ల హోల్‌సేలు వ్యాపారం చేస్తాడు. 23వ తేదీ శనివారం చైనా సరుకు వద్దంటూ వ్యాపారుల ఊరేగింపు ఏర్పాటు చేసింది అతనే. ఈ వ్యాపార యుద్ధం గురించి ఐదు నిమిషాలు మాట్లాడమని నన్ను పిలిచాడు. 21వ తేదీ సాయంత్రం ఆరింటికి ఆ విషయం మాట్లాడటానికి అతని గోదాముకు వెళ్లాను. ఇద్దరు ఆడవాళ్లు కింద కూర్చుని పెట్టెల మీది పాత స్టిక్కర్లు గీకి, కొత్తవి అంటిస్తున్నారు. విరిగిపోయిన బొమ్మలు, వెలగని లైట్లు ఒక మూల కుప్ప పోసి ఉన్నాయి. అవి శనివారం తగలబెట్టడానికి. ఇదేమిటి హేమంతూ అన్నాను. "స్టిక్కరు ఈడే అచ్చయింది కదక్కా, స్వదేశీనే" అన్నాడు. నవ్వాను. నవ్వానని రాసుకోండి.

శనివారం ఉదయం పదిన్నరకు చిక్కపేట మెట్రో స్టేషను దగ్గర బయల్దేరి, పదకొండుకు మా వీధి చివరకు చేరారు. రెండు వందల మంది ఉంటారు. ఆ కుప్ప తగలబెట్టారు. ప్లాస్టిక్ పొగకు అందరం ముక్కు మూసుకున్నాం. పదకొండూ పదికి నన్ను ఒక గూడ్సు ఆటో మీదికి ఎక్కించి మైకు ఇచ్చారు. మైకు పిడి అడుగున అది తయారైన దేశం పేరు ఉంది. చదివాను. పైకి అనలేదు. సుంకం కట్టేది అవతలి దేశం కాదు, కొనుక్కునే మనమేనని చెబుదామని ఇంట్లో రాసుకుని వెళ్లాను. ఒకవైపు ఇలా, మరోవైపు అలా అంటూ మొదలుపెట్టాను. అసలు మాటకు వచ్చేలోపే జనం పక్కకు తిరిగి కబుర్లు చెప్పుకుంటున్నారు.

అప్పుడు తేజస్ బోర్డు చూశాడు. తేజస్‌ది మా వీధిలోనే మొబైల్ కవర్ల దుకాణం. ఓబళప్ప బండి ఆటోకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. "ఏమప్పా, చైనాదని బోర్డే పెట్టుకోనుండావే. నీ ధైర్యమే ధైర్యం" అన్నాడు. అందరూ నవ్వారు. ఓబళప్ప కూడా నవ్వాడు. మొదటి రెండు నిమిషాలు అది వేళాకోళమే. ఓబళప్ప ఒక కాయ కోసి, తేజస్‌కు సగం ఇచ్చాడు. "ఇది మా తోట కాయ అప్పా. తాడిపత్రి కాడ కాసినది. చైనా యాడుండాదో నాకేం తెలుసు" అన్నాడు. తేజస్ ఆ సగం తిన్నాడు.

హేమంత్ నా వైపు తిరిగి, అందరికీ వినబడేలా అడిగాడు. "మా అక్క లెక్చరరు, ఆమెకి అన్నీ తెలుసు. అక్కా, చీనీ అంటే చైనాదేనా కాదా? ఒక్క మాటలో చెప్పు."

అతను అడిగింది కాయ గురించి. నేను చెప్పింది మాట గురించి. మైకులో నేను అన్నది ఇది: "కాయ అనంతపురానిదే. కానీ ఆ మాట చూస్తే, చైనా నుంచి వచ్చింది, అని కొందరంటారు. నాకు కచ్చితంగా తెలియదు."

'వచ్చింది' దగ్గర ఆగాను. క్లాసులో పిల్లలు రాసుకోవడానికి నేను అలా ఆగుతాను. పందొమ్మిదేళ్ల అలవాటు. 'అని కొందరంటారు' అన్నది అంతలోనే రేగిన కేకల్లో ఎవరికీ వినబడలేదు. ఎవరో ఫోనులో తీసి మా వీధి గ్రూపులో పెట్టిన వీడియోను నేనే పెట్టుకుని విన్నాను. నాకూ వినబడలేదు.

అది కాదని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కాదు అనడానికి రెండు అక్షరాలు చాలు. కానీ మాట పుట్టుక గురించి నేనెప్పుడో చదివింది గుర్తొచ్చింది. తెలిసినది చెప్పకపోతే అబద్ధమవుతుందేమో అనిపించింది. గోదాములో చూసిన స్టిక్కర్ల గురించి ఆ అనుమానం నాకు రాలేదు.

పదకొండూ ఇరవై రెండుకు బండి పడింది. తేజసూ, నాకు పేరు తెలియని ఇంకొకతనూ కలిసి తోశారు. కాయలు రోడ్డంతా దొర్లాయి. ఓబళప్ప కాయల కోసం వెళ్లలేదు. బోర్డును రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "అమ్మనే రాసిచ్చింది. అమ్మను అడగండప్పా" అని నా వైపు చూపించాడు. మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ నాకు స్పష్టంగా వినబడింది.

రసం పిండే ఇనుప మిషను పక్కన పడి ఉంది. దాన్ని ఎత్తి బోర్డు మీద వేసినది హేమంత్‌కుమార్. బోర్డు మీద ఓబళప్ప ఎడమ చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఉందని హేమంత్ చూశాడో లేదో నాకు తెలియదు. మిషను ఎత్తినది మాత్రం అతనే. వీడియోలో అది కనబడదు, తేజస్ వీపు అడ్డం ఉంది. నేను ఆటో మీద ఎత్తులో ఉన్నాను కాబట్టి చూశాను.

ఆ తరువాత నాలుగు నిమిషాలు నేను ఆటో మీదే నిలబడి ఉన్నాను. మైకు చేతిలోనే ఉంది, ఆపలేదు. వీడియోలో ఆ నాలుగు నిమిషాలూ లౌడ్‌స్పీకరులో ఎవరో ఊపిరి పీలుస్తున్న శబ్దం వస్తుంది. అది నేను.

కాయలను ఎవరూ తగలబెట్టలేదు. చైనావని నమ్మి ఉంటే తగలబెట్టాలి కదా. సంచుల్లోకి, చీర కొంగుల్లోకి ఏరుకుని వెళ్లారు. మా కింది వాటాలో ఉండే మునిలక్ష్మి కూడా ఏరుకుంది. మధ్యాహ్నం రెండింటికి నాకు నాలుగు కాయలు తెచ్చిచ్చింది. తీసుకున్నాను. అవి ఇప్పటికీ మా వంటగదిలో ఉన్నాయి.

24వ తేదీ ఆదివారం సాయంత్రం నాలుగింటికి హేమంత్, వాళ్ల అమ్మ భాగీరథమ్మ మా ఇంటికి వచ్చారు. ఆమె నాకు పిన్ని. పోలీసులు అడిగితే ఎవరు ఎత్తారో గుర్తు లేదని చెప్పమన్నారు. చూశానని నేను అన్నాను. "నీకు ఎప్పుడు ఏది కచ్చితంగా తెలిసిండాదక్కా?" అన్నాడు హేమంత్. "చారులో ఉప్పేసినానో లేదో అని రెండుసార్లు వేస్తావు. ఇది మాత్రం అంత గట్టిగా ఎట్ల చెప్తావు?"

పిన్ని కాఫీ తాగలేదు. "నువ్వేమన్నా తోసినావా? మాటే కదమ్మా అనింది. మాటకి కేసు యాడుండాది? వాడు నీ తమ్ముడు" అంది. వాళ్లు వెళ్లాక ఒక గంటసేపు నాకు నిజంగానే అనుమానం వచ్చింది. చూశానా, చూశాననుకున్నానా అని. వచ్చిందని దాచను. ఆ గంట ముగిసేసరికి ఒకటి గుర్తొచ్చింది. మిషను ఎత్తే ముందు హేమంత్ తన చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. ఆ గడియారం పోయిన దీపావళికి నేను ఇచ్చింది.

25వ తేదీ సోమవారం సాయంత్రం ఐదింటికి ఆసుపత్రికి వెళ్లాను. ఓబళప్ప ఎడమ బొటనవేలు తీసేశారు. చూపుడువేలు ఉంటుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు. ఆదివారం తన దగ్గర వాంగ్మూలం తీసుకున్నారని చెప్పి, తలగడ కింది నుంచి ఆ నకలు తీసి ఇచ్చాడు. కన్నడంలో ఉంది. 'నాను చీనా హణ్ణు మారుత్తిద్దాగ' అని మొదలవుతుంది. అంటే, నేను చైనా పండ్లు అమ్ముతుండగా, అని. కావాలని అలా రాశారని నేను అనడం లేదు. రాసుకున్నాయనకు తెలుగు రాదు. చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. కింద ఓబళప్ప వేలిముద్ర ఉంది. ఆ కాగితం ప్రకారం అతను చైనా పండ్లు అమ్మినట్టు అతనే ఒప్పుకున్నాడు. అనుమతి లేని విదేశీ సరుకు అంటూ స్వాధీనం చేసుకున్న బండి ఈ స్టేషను ఆవరణలో ఉంది. వస్తూ చూశాను, ముందు చక్రం లేదు.

ఇందులో ఏమి రాశారో తెలుసా అని అడిగాను. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "నాకు చదువు రాదు మేడం. ఏలు పెట్టమన్నారు. ఉండే ఏలు పెట్టినాను" అన్నాడు.

ఆరేళ్లలో అతను నన్ను మేడం అనడం అదే మొదటిసారి.

నేను చెప్పవలసినవి ఇంతే. ఓబళప్ప అమ్మినవి తాడిపత్రి దగ్గర పండిన కాయలు. బోర్డు మీది మాట రాసింది నేను. అది చైనా మాట అని మైకులో అన్నదీ నేను. మిషను ఎత్తి వేసింది నా తమ్ముడు హేమంత్‌కుమార్. నా మీద ఏ కేసు పెట్టవచ్చో నాకు తెలియదు. పెట్టడానికి ఏమీ లేదని ఇన్‌స్పెక్టరు గారు అన్నారు. పిన్ని కూడా అదే అంది.

వెంకటరాయప్ప గారు మొత్తం చదివి వినిపించారు. చివర, ఇది నాకు తెలిసినంతవరకు నిజం, అని రాశారు. 'తెలిసినంతవరకు' కొట్టివేయమని అడిగాను. "అందరూ అట్లనే రాస్తారమ్మా, అదేం తప్పు కాదు" అన్నారు. నేనూ ఇన్నేళ్లూ అలాగే మాట్లాడాను. కొట్టివేయించి, ఆ పక్కన సంతకం చేశాను. ఇప్పుడు ఆ వాక్యం 'ఇది నిజం' అని ఉంది.

కన్నడ ప్రతి గురించి ఒక కోరిక. కాయ గురించి ఎక్కడ వచ్చినా మోసంబి అని రాయండి. ఓబళప్ప మొదటి రోజే అడిగిన మాట అదే. బోర్డు గురించి వచ్చిన చోట మాత్రం చీనీ అనే ఉంచండి. అది నా చేతిరాత.

(సంతకం)
వరూధిని
26వ తేదీ, మధ్యాహ్నం 1.40