నాలుగంగుళాల లూజు

అది కాదు నాన్నా, ఆ గుండుసూదులు ఒక్క నిమిషం నోట్లోంచి తీసి మాట్లాడొచ్చు కదా! పొద్దున కొట్టు తీసిన దగ్గర్నుంచి చూస్తున్నా. చొక్కా తీస్తావు, పక్క కుట్లు విప్పుతావు, సూదులు గుచ్చుతావు, అవతల పడేస్తావు. తిట్టాలనుంటే తిట్టు. ఈ మౌనవ్రతం మాత్రం నావల్ల కాదు.

సరే, నేనే చెప్తా. వింటున్నావుగా? చెవుల్లో ఏం సూదుల్లేవుగా?

ఇరవై ఆరు చొక్కాలు. రేపు పదింటికి ఆ కొత్త హోటల్ తెరుస్తున్నారు. అప్పటికి వాళ్ల స్టాఫంతా మన చొక్కాల్లో నిలబడి ఉండాలి. నా కంపెనీకి మొదటి పెద్ద ఆర్డరు. నిన్న తీసుకెళ్లి ఇస్తే ఏమైందో తెలుసా? ఆ వంటమాస్టరు ఉన్నాడే, బక్కాయన, చొక్కా తొడుక్కుని అద్దం ముందు రెండు చేతులూ చాపి, "బాబూ, ఇందులో నాకు తోడు ఇంకెవరైనా వస్తారా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వా. ఏం చెయ్యను మరి?

మేనేజరమ్మ మాత్రం నవ్వలేదు. "ఎల్లుండి పొద్దున్నకి సరిచేసి తెస్తే సరే. లేదంటే ఇంకోసారి మా గుమ్మం ఎక్కకండి" అంది. అంతే. ఆ హోటల్ పోతే, దాన్ని చూసి మాటిచ్చిన మిగతా ఇద్దరూ పోతారు. ఇంక కంపెనీ అని చెప్పుకోడానికి నాకు మిగిలేది ఆ బోర్డొక్కటే.

మొదట ఎవర్నన్నానో తెలుసా? నిన్నే. "మా నాన్న కొలతలు తప్పు తీశాడండీ" అన్నా. అనేశా, అక్కడే, అందరి ముందూ.

ఇంటికొచ్చి నీ నోటుబుక్కు తీశా. వంటమాస్టరు ఛాతీ నలభై అని ఉంది. ఆ మనిషికి నలభై ఏంటి నాన్నా, గట్టిగా ఊదితే ఎగిరిపోతాడు! అమ్మని అడిగా. అమ్మ కూరలు తరుగుతూ తలైనా ఎత్తలేదు. "మీ నాన్న టేపు చెప్పింది ఎప్పుడు రాశాడ్రా? లూజు కలిపే రాస్తాడు. పెళ్లైన కొత్తలో అడిగితే, మనిషిని రాయనే, చొక్కాని రాస్తా అన్నాడు" అంది.

చొక్కాని! ముప్పై ఏళ్లుగా ఆ బుక్కులో ఒక్క మనిషి లేడన్నమాట, అన్నీ చొక్కాలే. నేనేమో వాటిని మనుషులనుకుని కంప్యూటర్లో ఎక్కించా. ఛాతీకీ నడుముకీ నాలుగేసి అంగుళాలు లూజు కలపమని దానికి నేర్పిందీ నేనే. నువ్వు నాలుగు కలిపావు, అది ఇంకో నాలుగు కలిపింది. నీ చెయ్యి నెమ్మదని కటింగూ కుట్టూ బయటిచ్చా. వాళ్లకేం, కాగితంలో ఏముంటే అదే కోస్తారు, అదే కుడతారు.

ఆగు, నువ్వేమంటావో తెలుసు. అడిగావు. "అందులో ఏం కొడుతున్నావో ఒకసారి చూపించరా" అన్నావు. "అది కంప్యూటర్ చూసుకుంటుంది, నువ్వెళ్లి టీ తాగు" అన్నా. నువ్వు నిజంగానే వెళ్లి టీ తాగావు! ఇంకోసారి గట్టిగా అడిగుంటే నీ సొమ్మేం పోయేది?

...లేదులే. తప్పు నాదే.

అయినా నువ్వు మాట్లాడకపోవడం చొక్కాల వల్ల కాదు. అది నాకూ తెలుసు.

ఆదివారం ఆ సభ. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లని పిలిచి ఎలా పైకొచ్చారో చెప్పించారే, అది. నిన్ను రావద్దన్నా కదా, బోరు కొడుతుందని. వేదిక మీద మాట్లాడించే ఆవిడ నా చొక్కా చూసి, "భలే కుదిరిందే! ఎవరు కుట్టారు?" అంది. ఈ చొక్కానే, ఇప్పుడు ఒంటి మీదున్నదే. దీనికి నువ్వు టేపు కూడా పెట్టలేదు. నేను అన్నం తింటుంటే వెనక నిలబడి ఓసారి చూశావు, మర్నాటికి కుట్టేశావు.

నేనేమన్నా? "మా సాఫ్ట్‌వేర్ తీసిన కొలతలండీ" అన్నా. "మరి పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అంది. "ఎవరి దగ్గరా లేదండీ. ఒక్కడినే. వీడియోలు చూసి" అన్నా.

చప్పట్లు కొట్టారు నాన్నా! అలాంటి మాటకే కొడతారక్కడ. దర్జీ కొడుకు దర్జీ అయ్యాడంటే ఎవడు కొడతాడు?

నువ్వు ఆఖరి వరసలో ఉన్నావు. తలుపు పక్క కుర్చీ. ఒళ్లో ఆ గుడ్డసంచి. ఇంటికొచ్చి, బజారుకెళ్లానని అమ్మతో అన్నావు. సంచి ఖాళీగా ఉంది.

మాట అనేశాకే నిన్ను చూశానని ఈ నాలుగు రోజులూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చా. అబద్ధం. ముందే చూశా. నువ్వు కూర్చోడం చూశా, కళ్లజోడు తుడుచుకోడం చూశా. చూస్తూనే అన్నా.

అదీ సంగతి. ఇప్పుడైనా తిట్టు.

ఏంటి, ఆ చెయ్యేంటి? కత్తెరా? కాదా? రెండో మిషనా... నన్ను కూర్చోమంటావా? దారమా? సూదిలో ఎక్కించాలా?

రాదు నాన్నా.

అలా చూడకు. చిన్నప్పుడు మిషన్ దగ్గరికొస్తే స్కేలుతో వేళ్ల మీద కొట్టి "పో, పోయి చదువుకో" అన్నదెవరు? పోయి చదువుకున్నా. బాగానే చదువుకున్నా. వీడియోల్లో అది చూపించరు మరి, అదెవడికి రాదులే అని. అంతమంది ముందు ఒక్కడినే నేర్చుకున్నానని చెప్పినవాడికి, ఇదిగో, మిషన్ సూదిలో దారం ఎక్కించడం రాదు.

ఆ భుజాలేంటి, అలా ఊగుతున్నాయి? నవ్వుతున్నావా?

నాన్నా... అది నవ్వేనా? ఇటు తిరుగు ఒకసారి. ముందు ఆ సూదులు నా చేతిలో పెట్టు, గుచ్చుకుంటాయి.