వెదురు కొస మీది స్టార్

హనుమాన్ జంక్షన్ పక్క పల్లెలో డిసెంబరు మొదటి సాయంత్రం. చీకటి పడుతుండగా కొడుకు ఇంటి ముందు వెదురు గడ పాతి, దాని కొసన క్రిస్మస్ స్టార్ కట్టాడు. తల్లి అరుగు మీద కూర్చుని మొహం పైకెత్తింది.

"కంట్లో మందు వేసుకున్నావా అమ్మా? మానేస్తే ఉన్న చూపూ పోద్దని డాక్టరు చెప్పాడుగా."

"వేసుకున్నాలే. నీ కూతురు పొద్దున ఏదో చదువుతోంది. పైన చుక్కల వెలుగు మనదాకా రావడానికి ఏళ్లూ పూళ్లూ పడతాయంట, నిజమేనా?"

"నిజమే. బళ్లో పాఠం అది."

"నేన్నమ్మను. మన బ్యాటరీ లైటు చేను గట్టు దాటదు. అంత దూరం నుంచి వచ్చే వెలుగు దార్లోనే ఆరిపోద్ది."

"మరి తూర్పు జ్ఞానులు చుక్కను చూసేగా బేత్లెహేము వెళ్లింది?"

"వాళ్ల కోసం దేవుడు కిందికి దించాడు. మనకెవరు దించుతారు?"

"మొన్నటిదాకా వేగుచుక్క చూసి లేచేదానివి. ఇప్పుడు చుక్కల మీద ఇంత కోపమేంటి?"

"కోపమేం లేదు. లేవడానికి కోడి కూత చాలదా?"

"సర్లే. మన స్టార్ ఎట్టా ఉందో చెప్పు."

"బానే వెలుగుతుందిరా. మీ నాన్న కట్టినప్పటిలాగే, ఎర్రగా."

స్టార్ ప్లగ్గు ఇంకా అతని చేతిలోనే ఉంది. బోర్డులో పెట్టడానికి చెయ్యి రాలేదు.

"ఎన్నాళ్లయిందమ్మా, కనపడక?"

ఆమె మొహం పైకే ఉంచింది.

"అందుకేరా చెప్పేది, అంత దూరం నుంచి వెలుగు రాదని."