దస్తగిరి జీపు కింద రేకు

చల్లపల్లి బస్టాండు పక్కన అన్నమ్మ టీకొట్టులో అట్లకి మధ్యలో కన్నం ఉంటుంది. ఉప్పెనలో ఇల్లూ సామానూ పోయి, నాగాయలంక వైపు నుంచి ఇక్కడికొచ్చి కొట్టు పెట్టుకున్న దగ్గర్నుంచీ అంతే. పిండి చుట్టూ తిప్పుతుంది గానీ నడుమ నిమ్మకాయంత ఖాళీ వదిలేస్తుంది. ఎందుకలా అని మేమెవరం అడగలేదు. రుచి బావున్నప్పుడు అడగడం దేనికి?

ఆ రోజు పొద్దున్నే రొయ్యల షావుకారు అంకమ్మరావుగారు అవనిగడ్డ బస్సు కోసం వచ్చి, ఓ అట్టు చెప్పి మా బల్ల మీద కూర్చున్నారు. సీజనంతా నాగాయలంక నుంచి బందరుకి ఐసు పెట్టెలు మోసే బండి కావాలి ఆయనకి. మా దస్తగిరికి జీపుంది, బేరాల్లేవు. ఈ బేరం కూడా తప్పితే జీపు అమ్మేయడమేనని వాళ్ళావిడ హఫీజా తేల్చి చెప్పేసింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

షావుకారు ఒకే ఒక్క మాట అడిగారు. "కిందటేడు పెట్టుకున్న బండికి ఇంజను కింద రేకు లేదయ్యా. రాయి తగిలి చాంబరు పగిలింది, ఆయిలంతా కారిపోయి బండి దారిలో ఆగిపోయింది, సరుకంతా కుళ్ళిపోయింది. నీ జీపుకి రేకుందా?"

దస్తగిరి అన్నమ్మ పొయ్యి వైపు వీపు పెట్టి సర్దుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు.

"రేకుందా అనా అడుగుతున్నారు అంకమ్మరావుగారూ? బందరులో ఇమామ్ సాహెబ్ కొలిమి దగ్గర నేను నుంచుని చేయించిన రేకండీ అది, దానికి రాయి తగిలితే రాయే అమ్మో అనాలి. ఇంకో మాట చెప్తా వినండి, ఈ జీపుకి ఆయిలు నేనే మారుస్తా, నా చేత్తో, మెకానిక్కుని చుట్టుపక్కలకి రానివ్వను, బిడ్డకి తలంటు పోయడానికి ఎవరైనా మనిషిని పెట్టుకుంటారా చెప్పండి?"

"సరే, ఓసారి చూద్దాం" అని షావుకారు తెల్లపంచె ఎత్తి పట్టుకుని లేవబోయారు.

"కూర్చోండి, కూర్చోండి, కింద బురద, పంచె మాసిపోద్ది, బస్సు ఇంకా మొవ్వ కూడా దాటి ఉండదు. అసలు సంగతి వినకుండా ఉత్త రేకు చూస్తే ఏం తెలుస్తుందండీ? ఉప్పెన వెళ్ళిన మరుసటేడు, కోడూరు అవతల కరకట్ట మీద వెళ్తున్నా, ఇంజను గరగరమంది, ఆపి చూద్దును కదా ఆయిలు తారులా ఉంది. ఇంకొకడైతే బండి వదిలేసి బస్సెక్కేవాడు. నేను ఎక్కుతానా? కొత్త ఆయిలు డబ్బా ఎప్పుడూ సీటు కిందే ఉంటుంది. ఇక్కడే మార్చాలి, ఇప్పుడే మార్చాలి, మార్చకుండా కదిలితే నా పేరు దస్తగిరి కాదు అనుకుని కిందకి దూరా. దూరితే ఏముంది? అడ్డంగా రేకు! దాని బోల్టులన్నీ ఉప్పుగాలికి తుప్పెక్కి కూర్చున్నాయి."

మిల్లు లారీ నడిపే చిట్టిబాబు టీ గ్లాసు దించాడు. "ఆయిలు మార్చడానికి రేకు విప్పడం దేనికి బాబాయ్? చాంబరు నట్టుకి ఎదురుగా రేకుకి కన్నం ఉంటుంది కదా?"

"ఉండకేంరా, నేనే కొట్టించా, ఇదిగో ఇంత, నిమ్మకాయంత. దాంట్లోంచి పానా పడుతుంది, నా చెయ్యి పట్టొద్దూ? చూడు, ఇది చెయ్యా, తెడ్డా? మధ్యలో అడ్డం రాకు. ఎక్కడున్నా? ఆఁ, బోల్టుకి పానా వేసి వేలాడా, కదల్లా. చక్రానికి కాళ్ళు తన్నిపెట్టి బలమంతా పెట్టి తిప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బోల్టు తిరగలా, జీపు తిరిగింది! అవనిగడ్డ వైపు మొహం పెట్టిన జీపు అమాంతం కోడూరు వైపు తిరిగి నుంచుంది. నేను వదిలితేనా? ఇంకో పట్టు పట్టా, మళ్ళీ అవనిగడ్డ వైపు. అలా గానుగలా తిరిగీ తిరిగీ కరకట్ట మీద గుండ్రంగా గొయ్యి పడింది, ఇప్పటికీ మధ్యాహ్నం పూట గేదెలు దాంట్లోనే పడుకుంటాయి."

"ఊడిందా మరి బాబాయ్?"

"ఊడక ఏం చేస్తుంది? రేకు ఊడి నా ఛాతీ మీద పడింది. రెండు ధాన్యం బస్తాల బరువు. రెండు చేతులా దాన్ని ఎత్తి పట్టుకున్నా, ఇక చాంబరు నట్టు విప్పడానికి చేతులేవీ? పళ్ళతో విప్పా! ఇదిగో, ఈ పన్ను అప్పుడు అరిగిందే. ఇక ఆయిలు కారడం మొదలెట్టింది చూడండీ, ఆగదే! డబ్బా నిండింది, బిందె నిండింది, కట్ట దిగి కాలవలో పడి ఊరూరా పోయింది. ఆ ఏడు దివిసీమ మొత్తం మీద ఒక్క ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే ఒట్టు. తలుపులు కూడా చప్పుడు చెయ్యలా, దొంగలకి పండగే పండగ."

షావుకారు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి, మళ్ళీ పంచె ఎత్తి పట్టుకున్నారు. "బావుందయ్యా. ఇప్పుడు ఆ రేకు చూపించు."

దస్తగిరి చటుక్కున ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "రేకు గొప్పదనం ఇప్పుడే కదండీ వచ్చేది! కొత్త ఆయిలు పోశా, నట్టు బిగించా, ఇక రేకు పెడదామనుకుంటున్నా, ఇంతలో సముద్రప్పోటు. కృష్ణలోంచి నీళ్ళు ఎగదన్నుకొచ్చి కరకట్ట తెగింది. నా జీపు మునిగిపోతోంది. ఈదుకుపోవచ్చు, నాకు ఈత రాదా? కానీ అది హఫీజా గాజులమ్మి కొన్న బండండీ. ఇప్పటికీ దాని చేతులు బోసిగా ఉంటాయి. వదలను, పోతే ఇద్దరం కలిసే పోతాం అనుకున్నా."

ఆ ఒక్క మాట మాత్రం కోతలా లేదు. మేమూ నవ్వలేదు. వెంటనే అతనే తేరుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేకు నీళ్ళ మీద వేశా, జీపు ఎత్తి రేకు మీద పెట్టా, పానాతో తెడ్డేశా!"

"ఇనప రేకు తేలిందా?" అన్నారు షావుకారు.

"ఆయిలు కారి కారి నున్నగా ఉన్న రేకండీ, నీళ్ళు అంటుకుంటేగా మునగడానికి?"

"కన్నంలోంచి నీళ్ళు రాలేదా బాబాయ్?"

"కాలి బొటనవేలు పెట్టి మూశాన్రా! అలా కృష్ణ దాటి రేపల్లె గట్టెక్కా. దారిలో మీ రొయ్యలే అంకమ్మరావుగారూ, ఒక్కోటి మూరెడు, కన్నం కిందనుంచి నా వేలు కొరకడానికి వచ్చినవాటిని వచ్చినట్టే పట్టి రేకు మీద పడేశా. ఎండకి రేకు కాలి వాటంతట అవే వేగిపోయాయి. పడవకి పడవ, పెనానికి పెనం! అలాంటి రేకండీ అది. ఈ నిమిషాన నా జీపు కింద అద్దంలా మెరుస్తూ..."

వెనకాల అట్లకాడ పెనానికి తగిలి ఠంగుమంది.

షావుకారు చేతిలో అట్టు నోటి దాకా వచ్చి ఆగింది. ఆయన అట్టు మధ్యలో కన్నం చూశారు, గాలిలో కన్నం కొలత చూపిస్తున్న దస్తగిరి వేళ్ళు చూశారు, మెల్లిగా పొయ్యి వైపు తిరిగారు.

"పంచె మాపుకోకండి బాబుగారూ" అంది అన్నమ్మ. "రేకు జీపు కింద లేదు, ఇదిగో, నా పొయ్యి మీదుంది. నేను కొట్టు పెట్టిన కొత్తలోనే, ఆయిలు మారుస్తానని ఓ రోజు ఇక్కడే విప్పాడు. ఆయిలు మారిందో లేదో నాకు తెలీదు గానీ మనిషి మాత్రం నల్లగా మారాడు. తిరిగి బిగించడం చేతకాక, రేపొచ్చి తీసుకెళ్తా అక్కా అని నా దగ్గర పెట్టిపోయాడు. నా పెనం ఉప్పెనలో పోయింది కదా, అతని రేపు వచ్చేదాకా వాడుకుందామని పొయ్యెక్కించా. ఏడాది దాటింది, అట్లు బాగానే వస్తున్నాయి."

బల్ల విరిగేలా నవ్వాం. దస్తగిరి గాలిలో చూపిస్తున్న వేళ్ళు ముడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. అలా అతన్ని చూడటం మాకదే మొదలు, చూశాక నవ్వినందుకు సిగ్గేసింది కూడా. అంతలో అవనిగడ్డ బస్సు హారను కొట్టుకుంటూ వచ్చి ఆగింది.

షావుకారు చెయ్యి కడుక్కున్నారు. "నాకు నీ కథతో పేచీ లేదు దస్తగిరీ, రేకుతోనే పని. సాయంత్రం ఈ దారినే తిరిగొస్తా. రేకు జీపు కింద ఉంటే బేరం నీది, పొయ్యి మీద ఉంటే బందరు వ్యాను వాడిది." బస్సు ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

అన్నమ్మ ఆఖరి అట్టు తీసి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. రేకు మీద చెంబుడు నీళ్ళు గుమ్మరిస్తే చుయ్యిమని ఆవిరి లేచింది. తడి గోనెసంచితో దాన్ని పట్టుకుని దస్తగిరి ముందు దించింది. "తీసుకెళ్ళు. మొదటి ట్రిప్పులో బందరు నుంచి నాకో పెనం తే. కన్నం లేనిది."

దస్తగిరి లుంగీ ఎగ్గట్టాడు. రేకుని చూశాడు, జీపుని చూశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఒరేయ్ చిట్టీ, మీ లారీలో పానా ఏమన్నా ఉందా?" అన్నాడు.

"నీ పానా ఏది బాబాయ్, కృష్ణలో తెడ్డేసింది?"

దస్తగిరి అప్పటికే నేల మీదకి వంగాడు. గోనెసంచి పరుచుకుని, రేకు లాక్కుంటూ జీపు కిందకి దూరిపోయాడు. బయటికి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. కింద నుంచి ఇనుము రాసుకుంటున్న చప్పుడు, మూలుగు, మళ్ళీ చప్పుడు. చిట్టిబాబు లారీలోంచి పానా తెచ్చి, గొంతుక్కూర్చుని లోపలికి వంగి చూశాడు.

"ఆ తర్వాత ఏమైంది బాబాయ్?"

"ముందా పానా ఇటియ్యరా" అన్నాడు దస్తగిరి.