రాణెమ్మ చీరకు అతుకు

మహల్ గేటు ముంగట దయాకర్ చాయ్ హోటల్ల కూసున్నడంటే వెంకటనర్సు నోటికి పట్టపగ్గాలుండయి. ఆ సోమారం పొద్దుగాల గూడ గట్లనే షురువు జేసిండు. అదీ ఎవరి ముంగట? హైదరాబాదు నుంచి తనిఖీకొచ్చిన శ్రీవాణి మేడం ముంగట! ఆమె మూల బల్ల మీద కూసోని చాయ్ తాగుతాంది. ఆమె ఎవరో ఆయనకు తెల్వదు. మహల్ ఊడ్చే ఆయన పెండ్లాం యాదలక్ష్మికి తెలుసు.

మహల్‌ను మ్యూజియం జేసిన కాడికెల్లి అద్దాల పెట్టెల ఉన్న రాణెమ్మ పట్టుచీరను ముట్టద్దని హుకుం. ఎవరో పెట్టె తెరిచి, తెగిన పోగులు అతికిండ్రని మేడం కనిపెట్టింది. తాళం తీసినోళ్లెవరో తేలితే నౌకరి పోతదని పొద్దుగాల్నే చెప్పింది. తీసింది యాదలక్ష్మే. పోయిన నెల ఆ తెగిన పోగులు చూసొచ్చి మొగడు వెంకటనర్సు రెండు రోజులు బువ్వ ముట్టలే. "ఒక్కపారి తియ్యవే, నీకు దండం బెడత" అని బతిలాడితే, నేతగాని పానం గదా అని కరిగిపోయింది. ఆమె జీతం మీదనే ఇల్లు గడుస్తాంది.

"పోయిన నెల ఏమైందో ఎర్కేనా?" వెంకటనర్సు తొడ చరిచిండు. "రాణెమ్మ చీర అంచుల నాలుగు పోగులు తెగినయి. ఎవరు అతికిండ్రనుకున్నరు? నేనే!"

పక్కన నిలవడ్డ యాదలక్ష్మి దగ్గింది, కండ్లతోని సైగ జేసింది. "ఇంటికి నడువు, బువ్వ సల్లారుతాంది" అన్నది.

"ఆగవే, అసలు ముచ్చట ఇంక రానేలే!"

మేడం గ్లాసు కింద వెట్టి ఇటు మళ్లింది. ఈయన నోరు మూయించుడు ఎవని తరం గాదు. మూయరాని నోటిని ఇంకింత తెరిపిస్తే? గా నిజాన్ని కోతల కింద పాతిపెడితే? యాదలక్ష్మి ధైర్యం జేసింది.

"నాలుగేనా? నాకైతే నాలుగొందలని చెప్పినవ్."

"నాలుగొందలేందే, నాలుగు వేలు! పట్టు అయిపోతే నా మీసం వెంట్రుకలు పీకి నేసిన, అవి జరీ లెక్క ధగధగ మెరిసినయి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ మీది ఫొటోల ఉన్న రాజావారు ఆ మెరుపుకు కండ్లు నులుముకుంట కిందికి దిగిండు!"

"ఎట్ల దిగిండే, నిచ్చెనేసినవా?" రిటైర్డ్ డ్రైవర్ రామచంద్రయ్య అడిగిండు.

"నిచ్చెనెందుకు? చీర కొంగు పట్టుకోని జర్రున జారిండు! అర్ధరాజ్యం తీసుకో నర్సయ్యా అన్నడు. నాకెందుకు దొరా, మగ్గానికి జాగ ఉంటే సాలన్న. వింటడా? ఏనుగెక్కించిండు. నేను ఏనుగు మీదికెల్లి చీర ఇడిస్తే రామన్నపేట నుంచి మోత్కూర్ దాకా నీడ వడ్డది, రైతులు మబ్బు వట్టిందనుకోని పత్తి గింజలు వెట్టిండ్రు!"

హోటలంత ఘొల్లుమన్నది. యాదలక్ష్మికి పానం లేచొచ్చింది.

మేడం మాత్రం నవ్వలే. లేచొచ్చి, సంచిలకెల్లి ఒక పట్టు పోగు తీసి పుటుక్కున తెంపింది.

"నేను మ్యూజియం ఆఫీసర్‌ను. ఏనుగు సంగతి పక్కన పెట్టండి. ఆ చీరకు అతుకులు వేసిన చెయ్యి మామూలు చెయ్యి కాదు, భూతద్దం పెడితే గాని కనబడలేదు. ఇది అతికి చూపించండి."

వెంకటనర్సు పోగును చూసిండు, పెండ్లాం మొఖం చూసిండు. అప్పుడు సమజైంది ఆయనకు.

"అతుకు మామా! నీ తడాఖా చూపియ్యి!" దయాకర్ ఎగేసిండు.

నలభై ఏండ్లు మగ్గం నేసిన చెయ్యి అది. కండ్లు మూసుకోని అతుకుతడు. వెంకటనర్సు రెండు కొసలు పట్టుకోని మెలిపెట్టిండు. జారింది. మల్ల మెలిపెట్టిండు. మల్ల జారింది. మూడోపారి చింతగింజంత ముడేసిండు, మేడం గుంజితే అదీ ఊడొచ్చింది.

"నాతోని అయితలేదమ్మా" అన్నడు.

"ఓరి నీ! పోగు అతకరానోనివి రాణెమ్మ చీర బాగుజేసినవా?" దయాకర్ పొట్ట పట్టుకోని నవ్విండు.

"ఇన్నేండ్లు మగ్గం మీద కూసోని కునుకు దీసినవానే?" రామచంద్రయ్య అందుకున్నడు.

మేడం చాలాసేపు ఆయన చేతుల దిక్కు చూసింది. "ఈయన కాదు" అని గేటు లోపలికి నడిచింది.

నవ్వులు ఆగలే. యాదలక్ష్మికి నా మొగనంత నేతగాడు ఈ ఇలాకల లేడని ఒర్రాలనిపించింది, ఒర్రలేకపోయింది. పోయి ఆయన పక్కన బల్ల మీద కూసున్నది.

"ఇప్పుడన్న ఒప్పుకో మామా. అన్నీ కోతలే గదా?"

వెంకటనర్సు తల వంచుకున్నడు. "కోతలే" అన్నడు.

జిందగిల ఆయన ఆడిన అబద్దాలల్ల అందరు నమ్మింది అదొక్కటే.