చూడని స్తంభాలు

మళ్ళీ ఊరుకున్నారు. అంటే కాదనేగా అమ్మగారూ? పొద్దుట్నుంచి ఇదే వరస. నేను అడగడం, మీరు ఊరుకోవడం. ఇలాగైతే ఎలాగండీ?

నేనేనండి, వడ్రంగి భద్రాచలాన్ని. నా గొంతు మీకు కొత్త కాదుగా, నిన్నా మొన్నా ఈ చావిట్లోనే కూచుని మీ మరిదిగారితో మాట్లాడేను. ఘోషా ఇల్లు, మీ మాట పరాయి మగాడి చెవిన పడకూడదు, తెలుసండి. అందుకేగా చెప్పింది, అవునంటే ఆ తలుపు గొలుసు కదపండమ్మా, కాదంటే ఊరుకోండి అని. మధ్యాహ్నం దాటిపోయింది. నా ఖర్మ కాకపోతే ఇంతసేపట్లో ఆ గొలుసు ఒక్కసారైనా చప్పుడు చెయ్యాలా వద్దా?

గోదారి వినబడుతోందా మీకు? అది గాలి కాదండి, ఒడ్డు. మన్ను పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడిపోతోంది. నిన్న సాయంత్రం కొబ్బరితోట అవతలున్న ఏరు, ఇప్పుడు మీ పశువులపాక ఉన్న చోటికి వచ్చేసింది. తోట లేదు. మీరు లోపలున్నారు కాబట్టి చూళ్ళేదు గానీ, లేదంతే.

అక్కడ ధవళేశ్వరంలో దొరలు ఏదో ఆనకట్ట కడుతున్నారంట, అదైపోతే ఈ తల్లి దార్లోకి వస్తుందంట. ఎప్పటికవుతుందో ఏమో. అప్పటిదాకా మన లంక ఉండొద్దూ?

ఏంటండీ, మన చినరాజు ముత్యాలరాజుగారు వస్తారనేనా మీ ధైర్యం? మీ మరిదిగారు మంచాయనే, కాదన్లేదు. మేనా తెస్తాను, మా వదినగారు మేనా లేకుండా గడప దాటరు అని తెల్లారగట్లే కొత్తపేట వెళ్ళేరు. మేనా దొరుకుతుందండి. మోసే బోయీలు దొరకొద్దూ? ఈ వరదలో లంకలోకి అడుగెట్టేవాడెవడు? వాడికి మాత్రం పెళ్ళాం పిల్లలుండరా? రారండి. చినరాజుగారు అవతలి ఒడ్డున నిలబడి తల బాదుకుంటూ ఉంటారు. మీ దాసీ తులసి కూడా దేవుడి పెట్టె పట్టుకుని మొదటి పడవలో వెళ్ళి, తిరిగి రాలేక అక్కడే ఏడుస్తోందంట.

అసలు నన్నెందుకు పిలిచేరో అదైనా ఆలోచించండి. "భద్రాచలం, ఏరు వచ్చేస్తోందిరా, ఇల్లు విప్పి అవతల మెరక మీద నిలబెట్టాలి" అన్నారు చినరాజుగారు. మీరేమో తులసి చేత కబురెట్టేరు, నేను బతికుండగా మా ఇల్లు పడగొట్టడానికి వీల్లేదని. పడగొట్టేదెవరండీ? విప్పుతాను మహాప్రభో అంటే వినరు. ఈ ఇంట్లో ఇనుప మేకు ఒక్కటి లేదు. అన్నీ చెక్క చీలలే. చీల ఊడదీస్తే దూలం స్తంభం మీంచి దిగుతుంది. మళ్ళీ ఎక్కించి చీల కొడితే ఎప్పట్లాగే కూచుంటుంది. మా తాత లంకలో కడుతున్నానని తెలిసే అలాగ కట్టేడు. ఏటి పక్క సంసారం, ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు నెత్తిన పెట్టుకుని పోవాల్సి వస్తుందని ఆయనకి తెలుసు. ఆ ఎప్పుడో ఇవాళే అమ్మగారూ.

పాక విప్పేసేం. వంటిల్లు విప్పేసేం. అవి అప్పుడే అవతల మెరక మీద ఉన్నాయి. ఈ పెద్దిల్లు మాత్రం ముట్టుకోలేకపోయేం. ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు. పెంకు తియ్యాలంటే పైకెక్కాలి. పైకెక్కితే మండువాలోకి కనబడుతుంది. మండువాలో మీరున్నారు. గదిలోకెళ్ళి తలుపేసుకోండమ్మా అన్నాను. అన్న తర్వాత నాకే తట్టింది, ఆ గది మీద పెంకు మాత్రం తియ్యొద్దూ?

దుప్పట్లు నాలుగు పక్కలా అడ్డం పట్టుకుని పడవ దాకా నడిపిస్తామన్నాను. ఊరుకున్నారు. నాకు కోపమొచ్చింది, దాచుకోడమెందుకు. ఈ ముసలావిడ తను పోయేది కాక ఇంటిని కూడా తీసుకుపోతుందని నా మనుషుల దగ్గర అన్నాను కూడాను. తర్వాత గుమ్మం ముందు మేమే ఒక దుప్పటి పట్టి చూసేం. గాలికి చేతుల్లోంచి ఊడిపోయి గోదాట్లో పడింది. మీరు ఊరుకోవడమే మంచిదైందండి.

పోనీ నాకు తెలీదా మీ సంగతి? పెళ్ళికూతురుగా లోపలికెళ్ళినవారు, మళ్ళీ బయట కనబడలేదు. మీవారు కనకరాజుగారు పోయినప్పుడు కూడా ఈ తలుపు దాకా వచ్చి ఆగిపోయేరంట. ఊరంతా చెప్పుకుంది. అలాంటి మనిషిని పట్టుకుని, రా తల్లీ, మొలలోతు నీళ్ళలో మగాళ్ళ మధ్య నడుద్దువు గాని అంటే ఎలా వస్తారు? తెలుసండి. తెలిసే బతిమాలుతున్నాను. కాళ్ళు పట్టుకుందామంటే మధ్యలో తలుపొకటి.

ఆయ్, వస్తున్నాన్రా, కాసేపు ఆగండి.

మా వాళ్ళేనండి, పడవ దగ్గర్నుంచి. పోదాం రమ్మని కేకలు. తాడు కట్టిన చెట్టు కదులుతోందంట. వాళ్ళు అడిగిందాంట్లో తప్పేం లేదు. ఆ ముసలమ్మ రానంటే నువ్వెందుకు కూచోడం అంటున్నారు. ఏం చెప్పమంటారు వాళ్ళకి?

మీకు మాత్రం నిజం చెప్తాను. తలుపు అవతలున్నారు కాబట్టి చెప్పగలుగుతున్నాను. నేను కూచున్నది మీకోసం కాదండి. ఈ ఇంటికోసం.

ఈ కలపంతా మన్యంలో కొట్టించి, తెప్పలు కట్టి ఇదే గోదాట్లో దింపించేడు మా తాత. మా నాన్న అప్పటికి ఉలి పట్టడం నేర్చుకుంటున్నాడు. మండువా స్తంభాలకి చెక్కుడు పని చేస్తూ ఆ తండ్రీ కొడుకులు ఏళ్ళ తరబడి ఇక్కడే పడున్నారు. గృహప్రవేశం నాడు కొత్తబట్టలెట్టేరు, కడుపునిండా భోజనం పెట్టేరు, బయటికి పంపించేరు. అంతే. ఆ తర్వాత మా వాళ్ళెవరూ ఈ తలుపు దాటలేదు. దాటకూడదు. ఆడవారుండే చోటు.

లోపల ఏ పీటో విరిగితే బయటికి తెచ్చి ఈ చావిట్లో పడేసేవారు. ఉయ్యాలబల్ల తెచ్చేరు, కావిడిపెట్టె తెచ్చేరు. బాగుచేసి ఇచ్చేవాణ్ణి. స్తంభాన్ని ఎవరు తెస్తారండీ బయటికి?

నాన్న చెప్పేవాడు. ఒకదాని మీద ఏనుగంట, తొండంతో తామరతూడు లాగుతూ ఉంటుందంట. ఒకదాని మీద నెమలి, ముక్కున పాము. ఒకదాని మీద పిల్లకి పాలిచ్చే కోతి. ఈశాన్యం మూల స్తంభం దగ్గరికొచ్చేసరికి ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు. ఒకసారి పడవ అనేవాడు, ఒకసారి అరటిగెల అనేవాడు. మర్చిపోయేవా నాన్నా అంటే కోపమొచ్చేది. తాతకన్నా గొప్పగా చెక్కగలిగినవాడు ఇంకా పుట్టలేదని కూడా అనేవాడు. ఆ మాట మీద నాకు రోషం. ఏముందో చూడాలి, చూసి అంతకన్నా బాగా చెయ్యాలి. వయసంతా ఇదే పోరు. అమ్మవారికి మొక్కుకున్నాను కూడాను.

చినరాజుగారు ఇల్లు విప్పమని కబురంపితే నాకేమనిపించిందో తెలుసా? ఊరికి వరదొచ్చిందని అందరూ ఏడుస్తుంటే నాకు సంతోషమేసింది. పాపిష్టి సంతోషం. ఇన్నాళ్ళకి ఆ స్తంభాలు నా చేతుల్లోకి వస్తాయి, నేనే దింపుతాను, నేనే నిలబెడతాను అనుకున్నాను. తీరా వస్తే మీరు, ఈ మూసిన తలుపు.

దిగువన ఓడలరేవు వాళ్ళు పడవలేసుకుని కాచుక్కూచున్నారంట, వరదకి కొట్టుకొచ్చే టేకుకి కొక్కేలేసి లాక్కోడానికి. వాళ్ళ బతుకు అది. కానీ ఆ ఏనుగుని చిత్రికపట్టి నున్నగా గీసేసి, పడవ అడుగున చెక్కగా కొట్టేస్తారే, అది తల్చుకుంటే నాకు అన్నం దిగడం లేదమ్మా.

అదిగో. అదిరింది చూసేరా నేల? మీక్కూడా తెలిసిందిగా? అరుగు సగం పోయింది అమ్మగారూ. నా కళ్ళముందే పోయింది. గట్టిగా మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి.

ఉండండి, ఉండండి. ఒక్క క్షణం నన్ను ఆలోచించుకోనివ్వండి.

మేనా రాదు. మీరు మేనా లేకుండా రారు. అంతేగా? అయితే మేనా నేనే చేస్తాను. నాలుగు పక్కలా పలకలు, కింద ఓ పలక, పైన చాప. వాసానికి తగిలించి మోసుకుపోతాం. గాలికి ఎగరదు, నీళ్ళలో తడవదు, లోపల మనిషున్నట్టు కూడా తెలీదు. ఈ ముక్క పొద్దున్నే ఎందుకు తట్టలేదో నాకు. అప్పుడైతే మంచి పలకలుండేవి. అన్నీ పడవలో అవతలికి పంపించేసేను. పైకెక్కి తీద్దామంటే మళ్ళీ మండువా. ఇప్పుడిక్కడ పలకలంటూ మిగిలినవి ఇవే.

సింహద్వారం తలుపులండి. నా వెనకాలున్నవి.

తాత చేతిపని అంటే నేను కళ్ళారా చూసింది ఈ రెండు రెక్కలే. చిన్నప్పుడు నాన్నతో వచ్చి, పైన చెక్కిన చిలకల్ని అందుకోవాలని ఎగిరేవాణ్ణి. అందే వయసొచ్చేసరికి తడమాలంటే సిగ్గేసేది. అయినా తడిమేవాణ్ణి, ఎవరూ చూడకుండా. వీటిని ఊడదీయడం ఎంతసేపండీ. పైకెత్తితే కుదురులోంచి వచ్చేస్తాయి. భుజానేసుకుని పడవెక్కొచ్చు. ఇందాకట్నుంచి అదే ఆలోచన నాకు. మిమ్మల్ని ఇక్కడే ఒదిలేసి, ఈ తలుపులైనా పట్టుకుపోదామని. అనుకోలేదంటే అబద్ధమే. ఒకసారి లేచేను కూడాను. చెయ్యి వేసేను. మీరు లోపల దగ్గేరు. దగ్గకుండా ఉంటే పోయేవాణ్ణేనేమో.

పోలేదులెండి. ఇక్కడే ఉన్నాను. చెప్పండి, ఈ తలుపులకి రంపం పెట్టమంటారా? ఇంక ఊరుకోకండి, మా తల్లే. ఈసారికి ఊరుకోకండి.

ఆ. గొలుసేనా అది? గాలి కాదుగా? ఇంకోసారి కదపండి.

బతికించేరు. సరే, వినండి. పెట్టె తయారవ్వగానే ఈ తలుపుకి ఆనించి పెడతాను. మేమందరం బయటికెళ్ళి అటు తిరిగి నిలబడతాం. మీరు గడియ తీసి, పెట్టెలో కూచుని, చాప పైకి లాక్కుని, పలక మీద కొట్టండి. అప్పుడొచ్చి ఎత్తుతాం. మూటలేం వద్దండి. నగలూ నాణ్యాలూ ఏవున్నా వదిలెయ్యండి.

ఇల్లు ఇంక విప్పడానికి ఉండదు. పొద్దు లేదు, ఒడ్డు ఆగదు. పోతుంది. మీకూ తెలుసుగా అది.

ఒక్క మాట అడగనా? తప్పైతే తిట్టుకోండి. మీరు పడవెక్కేక, ఆడవారెవరూ ఉండరు కాబట్టి, నేను లోపలికెళ్ళి ఆ స్తంభాలు ఒక్కసారి చూసి రానా?

అప్పుడే కదిపేరే. ఇంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదండి. మీరు మంచోరే అమ్మగారూ. ఇందాక అన్నవన్నీ మనసులో పెట్టుకోకండి.

కానీ వద్దులెండి. అడిగేను గానీ వద్దు. నా సంగతి నాకు తెలుసు. లోపలికెళ్ళేనంటే ఆ స్తంభం కావిలించుకుని అక్కడే కూచుండిపోతాను, నన్ను లాక్కొచ్చేవాడు ఉండడు. ఇంటి దగ్గర ఆడమనిషి ఎదురుచూస్తోంది. మీరే ఒకసారి అన్నీ తేరిపార చూసుకుని రండి. రేపట్నుంచి అవి ఎలా ఉండేవో తెలిసినది మీరొక్కరే, మీరేమో నాతో మాట్లాడరు.

కోస్తున్నానండి. చప్పుడికి భయపడకండి. చిలకల్ని తప్పించి కోద్దామని కొలిచి చూసేను, పెట్టె ఇరుకైపోతోంది, మీరు కూచోలేరు. వాటి మీంచే పోవాలి రంపం. పోనివ్వండి, ఏం చేస్తాం.