వంటింట్లో కంప్యూటర్

రాజమండ్రి దానవాయిపేటలో ఒక ఇంటికి నెట్ కనెక్షన్ పెట్టడానికి వెళ్లిన సుందర్రావుకి హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి కంప్యూటర్లు కనబడ్డాయి.

"ఈ ఒక్క కనెక్షనూ రెండిటికీ రావాలండి," అంది ఇల్లాలు.

"వస్తుందండి. వంటింట్లోది ఎవరికి?"

"నాకు. హాల్లోది మా ఆయనకి."

"ఇద్దరే అయితే ఒకటి సరిపోతుంది కదండి?"

"మేం మాట్లాడుకోడానికండి."

సుందర్రావు మధ్య గోడ వైపు చూశాడు. "పట్టుమని పదడుగుల దూరం లేదండి."

"ఆయన గొంతుకి ఆపరేషనైంది. మాట పోయింది. ఏం కావాలన్నా కాగితం మీద రాసుకొచ్చి, నేను స్టవ్ దగ్గర్నించి ఇటు తిరిగేదాకా నిలబడుతున్నారు."

అతను వైరు లాగి, రెండిటిలోనూ చాట్ తెరిచిపెట్టాడు. హాల్లో ఒక్కో అక్షరమూ వెతికి నొక్కుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత వంటింటి కంప్యూటర్ టింగుమంది.

"ఏమన్నారండి?"

"వచ్చినాయనకి కాఫీ ఇచ్చావా అంటున్నారు." ఆవిడ దాన్ని మళ్లీ చదువుకుంది. "ఈ మాట విని ఆర్నెల్లయిందండి."

"ఇక్కడ నొక్కి మీరూ జవాబు రాయొచ్చండి."

"నేనెందుకండి రాయడం? ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి," అని హాలు వైపు తిరిగి, "ఇస్తున్నానండీ," అని కేకేసింది.